స్టీరింగ్ మారిస్తే పోయేదేమిటి?

(మన కమ్యూనిటీ రేడియోలో శనివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం. ప్రసంగం తరువాత శ్రోతలు ఫోనులో అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు చివర ఇస్తున్నాము.)



పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఒక శ్రోత ఫోను చేశారు. వాళ్ళబ్బాయి కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. పార్ట్ టైం ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో పాత మాస్డా మియాటా, అదేనండీ, రెండు సీట్ల చిన్న కారు, కొనుక్కున్నాడు. ఇప్పుడు దాని స్టీరింగ్ తీసేసి, చెక్క అంచు ఉన్న ఇటాలియన్ స్టీరింగ్ ఒకటి బిగించుకుంటానంటున్నాడట. "ఒక్క నట్టు విప్పడం, ఒక్క నట్టు బిగించడం. గంట పని నాన్నా" అంటున్నాడట. "వద్దంటే కారణం చెప్పమంటాడు. సరే అందామంటే మనసొప్పడం లేదు. మీరేమంటారు?" అని ఆయన అడిగారు.

ఇది చాలా ఇళ్ళలో వచ్చే ప్రశ్నే కాబట్టి ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం. పిల్లలకు "వద్దు" అని చెబితే సరిపోదు, ఎందుకు వద్దో చెప్పాలి. వాళ్ళు ఇంజనీరింగ్ చదివే పిల్లలైతే మరీను.

ఆ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. చాలా కార్లలో స్టీరింగ్ చక్రాన్ని పట్టి ఉంచేది మధ్యలో ఉన్న ఒకే ఒక పెద్ద నట్టో, బోల్టో. విప్పడం కష్టం కాదు. కాని ఆ నట్టు దగ్గరికి చేరాలంటే ముందు ఎయిర్ బ్యాగ్ తీసి పక్కన పెట్టాలి. కొత్త చక్రంలో దాన్ని తిరిగి పెట్టే చోటే ఉండదు. అసలు సంగతంతా అక్కడుంది.

చక్రం మధ్యలో ఏముంది?

అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ 1998 మోడల్ నుంచి, వ్యాన్లు, ఎస్.యు.వి.లు, పికప్పులకు 1999 మోడల్ నుంచి ముందు రెండు సీట్లకూ ఎయిర్ బ్యాగులు ఉండి తీరాలని చట్టం. అంతకు ముందే కొన్ని కంపెనీలు పెట్టేవి. ఇక్కడ అమ్మిన మియాటాలకు 1990 మోడల్ నుంచే డ్రైవరు ఎయిర్ బ్యాగ్ ఉంది. అంటే ఆ అబ్బాయి కారు ఎంత పాతదైనా దాంట్లో బ్యాగు ఉన్నట్టే.

మనం హారన్ నొక్కే మెత్తటి మూత కింద, మడతలు పెట్టిన నైలాన్ సంచి ఉంటుంది. దాని వెనక చిన్న లోహపు డబ్బా. ఆ డబ్బాలో మండితే క్షణంలో గ్యాసుగా మారే మందు బిళ్ళలు ఉంటాయి. కారు దేనికైనా గట్టిగా గుద్దుకోగానే సెన్సర్లు ఆ కుదుపును కొలిచి, కారులోని చిన్న కంప్యూటరుకు చెబుతాయి. "ఇది గుంతలో పడ్డ కుదుపు కాదు, ప్రమాదమే" అని అది తేల్చుకుని డబ్బాకు కరెంటు పంపుతుంది. మందు అంటుకుంటుంది, సంచి మూతను చీల్చుకుని బయటికొస్తుంది. ఇదంతా జరగడానికి పట్టే సమయం సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. సంచి విచ్చుకునే వేగం గంటకు 200 మైళ్ళ దాకా ఉండవచ్చు.

చాలామంది దీన్ని దిండు లాంటిది అనుకుంటారు. దిండు కాదు. నిండిన మరుక్షణం నుంచి వెనక ఉన్న రంధ్రాల గుండా గ్యాసు బయటికి పోతూ ఉంటుంది. మన తల, ఛాతీ దానిలోకి దిగుతున్నకొద్దీ అది తగ్గుతూ, మనల్ని మెల్లగా ఆపుతుంది.

ఇంకో చిన్న విషయం. చక్రం తిరుగుతుంది, కారు వైర్లు తిరగవు. మరి తిరిగే చక్రానికి కరెంటు ఎలా అందుతుంది? చక్రం వెనక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో గడియారం స్ప్రింగులాగా చుట్టిన పల్చటి రిబ్బను తీగ ఉంటుంది. దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. హారన్, క్రూయిజ్ కంట్రోల్, రేడియో మీటలు కూడా చాలా కార్లలో దాని మీదనే ఆధారపడి ఉంటాయి. చక్రం తీసినప్పుడు అది నడిమధ్య నుంచి కదిలిపోతే, తరువాత ఒక మలుపులో తెగిపోతుంది.

బెల్టూ బ్యాగూ కలిసి చేసే పని

శ్రోతలు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఈ భాగమే.

ఇక్కడి ప్రభుత్వం కార్లను ఎదురుగా గోడకు కొట్టి పరీక్షించేది గంటకు 35 మైళ్ళ వేగంతో. మన ఇంటి దగ్గర రోడ్డు మీద అందరూ నడిపే వేగమే కదా అనిపిస్తుంది. కాని ఆ వేగంతో గోడను కొట్టడమూ, నాలుగంతస్తుల మేడ మీద నుంచి నేల మీద పడటమూ ఇంచుమించు ఒక్కటే. కారు ఆగుతుంది. మనం ఆగం, అదే వేగంతో ముందుకు పోతూ ఉంటాం.

అప్పుడు ముందుగా పనిచేసేది సీటు బెల్టు. ఇప్పటి బెల్టుల్లో రెండు ఏర్పాట్లు ఉంటాయి. మొదటిది, గుద్దుకున్న క్షణంలోనే బెల్టును వెనక్కి లాగి ఒంటికి బిగించేది. రెండోది, ఛాతీ మీద ఒత్తిడి మరీ ఎక్కువైతే ఎముకలు విరగకుండా బెల్టును కొద్దిగా వదిలేది. ఆ రెండో ఏర్పాటు బెల్టును ఎందుకు వదలగలుగుతోంది? ముందు ఎయిర్ బ్యాగ్ ఉంది, తలను అది పట్టుకుంటుంది అన్న లెక్కతో.

ఆ లెక్కలోంచి బ్యాగును తీసేశామనుకోండి. బెల్టుకు ఆ సంగతి తెలియదు. అది ఎప్పటిలాగే కొద్దిగా వదులుతుంది. తల ముందుకు వస్తుంది. అక్కడ సంచి ఉండవలసిన చోట చెక్క అంచు, లోహపు కడ్డీలు, మధ్యలో గట్టి బొడిపె ఉంటాయి. అంటే ఎయిర్ బ్యాగ్ ఒక్కటే పోలేదు, దాన్ని నమ్ముకుని తయారైన బెల్టు కూడా సగం పనికిరాకుండా పోయింది.

"మన ఊళ్ళో అంబాసిడర్లో ఎయిర్ బ్యాగ్ ఉందా, బెల్టు ఉందా? ఇన్నేళ్ళు నడపలేదా?" అని పెద్దవాళ్ళు అంటారు. నడిపారు, నిజమే. కాని బ్యాగు తీసేసిన కొత్త కారు పాత కారుతో సమానం కాదు. పాత కారును బ్యాగు లేదని తెలిసే తయారు చేశారు. ఈ కారును బ్యాగు ఉందన్న నమ్మకంతో తయారు చేశారు. పైగా ఇక్కడ ఫ్రీవే మీద 65, 70 మైళ్ళ వేగం రోజూ ఉండేదే. ఆ మాటకొస్తే ఇండియాలో కూడా 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి చేశారు.

ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. అని ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వపు రోడ్డు భద్రతా సంస్థ ఉంది. 1987 నుంచి 2017 వరకు ముందు సీట్ల ఎయిర్ బ్యాగులు 50,457 మంది ప్రాణాలు కాపాడాయని ఆ సంస్థ అంచనా. కొత్త చక్రం ఎంత అందంగా ఉందని అడిగే ముందు ఈ అంకె ఒకసారి తలుచుకోవాలి.

కొత్త చక్రం చెడ్డదా?

కాదు. మోమో, నార్డీ వంటి ఇటాలియన్ కంపెనీల చక్రాలకు మంచి పేరుంది. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంటాయి. కాని రేసు కారు సంగతి వేరు. అక్కడ డ్రైవరు తలకు హెల్మెట్ ఉంటుంది, ఒంటిని నాలుగైదు పట్టీలు సీటుకు కట్టి ఉంచుతాయి, మెడ ముందుకు విరగకుండా వేరే ఏర్పాటు ఉంటుంది. అక్కడ ఎయిర్ బ్యాగ్ చేసే పని ఇవన్నీ కలిసి చేస్తాయి. మన అబ్బాయి హెల్మెట్ పెట్టుకుని కాలేజీకి వెళ్ళడు కదా.

అలాగే ఎయిర్ బ్యాగులు రాకముందు తయారైన పాత కార్లు ఉన్నాయి. వాటికి ఇలాంటి చక్రం బిగించుకుంటే పోయేదేమీ లేదు, అక్కడ తీసేయడానికి బ్యాగే లేదు. సరైన అడాప్టరుతో, సరైన బిగింపుతో పెట్టించుకోవడమే చూసుకోవాలి.

దీపాన్ని మోసం చేయడం

ఎయిర్ బ్యాగ్ తీసేస్తే డాష్ బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. కొంతమంది ఆ వైర్ల చివర ఒక చిన్న రెసిస్టరు తగిలిస్తారు. కారులోని కంప్యూటరు బ్యాగు ఉందనే అనుకుంటుంది, దీపం ఆరిపోతుంది. చూడటానికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇది వైద్యుడి రిపోర్టు దిద్దుకుని జబ్బు లేదనుకోవడం లాంటిది. రేపు ఆ కారు ఇంకొకరికి అమ్మితే వాళ్ళకు అసలు సంగతి తెలిసే దారే ఉండదు. పోనీ, దీపాన్ని అలాగే వెలగనిస్తే? కొన్ని కార్లలో ఒక్కచోట లోపం కనిపించినా మిగతా బ్యాగులూ, బెల్టు బిగించే ఏర్పాటూ కూడా పనిచేయకపోవచ్చు. అంటే పక్క సీట్లో కూర్చున్న అమ్మకో, చెల్లెలికో ఉన్న రక్షణ కూడా పోతుంది. మోజు ఒకరిది, ముప్పు అందరిది.

చట్టం ఏమంటుంది? ఎవరు చూస్తారు?

ఫెడరల్ చట్టం ప్రకారం కార్ల కంపెనీ, డీలరు, అద్దె కార్ల కంపెనీ, రిపేరు షాపు, వీళ్ళెవరూ భద్రత కోసం పెట్టిన పరికరాన్ని తెలిసి పనిచేయకుండా చేయకూడదు. అందుకే నిజాయితీ ఉన్న షాపు ఏదీ ఈ పని ఒప్పుకోదు. ఒప్పుకున్న షాపు ఉందంటే, అది మిగతా పనులు ఎలా చేస్తుందో మీరే ఊహించుకోండి. సొంత కారును సొంతదారే ఇంట్లో విప్పుకుంటే ఆ ఫెడరల్ సెక్షను అతనికి వర్తించదు గాని, రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా కారులో ఇంత పెద్ద మార్పు చేస్తే, క్లెయిము రోజున చిక్కులు రావచ్చు.

"తప్పయితే ఇన్స్పెక్షన్లో పట్టుకుంటారు కదా" అనుకోవద్దు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే రాష్ట్రాలే చూడండి. కాలిఫోర్నియాలో పొగ పరీక్షే గాని మామూలు కార్లకు ఏటేటా భద్రతా తనిఖీ లేదు. న్యూజెర్సీలో మామూలు కార్లకు మెకానికల్ తనిఖీ 2010లో తీసేశారు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్స్పెక్షన్ లేదు. ఇంగ్లండులో ఉన్న మన శ్రోతలకు మాత్రం ఈ తనిఖీ ఉంది. అక్కడ కారుతో పాటు వచ్చిన ఎయిర్ బ్యాగ్ లేకపోయినా, దాని హెచ్చరిక దీపం లోపం చూపిస్తున్నా ఎం.ఓ.టి. పరీక్ష తప్పుతుంది. ఇక్కడ మాత్రం మన ఇంటి కారును మనమే చూసుకోవాలి.

చదువుకోవడానికి వచ్చే పిల్లలకు

ఎమ్మెస్ చదవడానికి హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో వచ్చిన పిల్లలు నలుగురు కలిసి చవకగా పాత కారు కొంటారు. వాటిలో కొన్ని ఒకసారి ప్రమాదంలో పడి, బాగుచేసి అమ్మినవి. ప్రమాదంలో విచ్చుకున్న ఎయిర్ బ్యాగ్ మళ్ళీ పనికిరాదు, కొత్తది పెట్టాలి. అసలైనది ఖరీదు. అందుకని కొందరు నకిలీవి పెడతారు, కొందరు ఖాళీ మూత పెట్టి వదిలేస్తారు.

నకిలీ ఎయిర్ బ్యాగుల గురించి ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. 2012 అక్టోబరులోనే హెచ్చరించింది. మళ్ళీ 2024 జూలైలో, బయటి దేశాల నుంచి వచ్చిన చవక ఇన్‌ఫ్లేటర్లు పగిలి, అంతకు ముందు తొమ్మిది నెలల్లో ముగ్గురు చనిపోయారనీ, ఇద్దరికి తీవ్రమైన గాయాలయ్యాయనీ చెప్పింది. ఇన్‌ఫ్లేటరు అంటే ఇందాక చెప్పుకున్న మందు డబ్బానే. అవి లోహపు ముక్కలను డ్రైవరు మీదికి విసిరాయి. ఆ ప్రమాదాలు లేకుంటే బతికి బయటపడే మనుషులు వాళ్ళు.

కాబట్టి పాత కారు కొనే ముందు ఈ నాలుగు పనులు చేయండి. ఒకటి, తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా తప్పే, ఆరకపోయినా తప్పే. రెండు, చక్రం మధ్య మూత రంగు, అంచులు, అక్షరాలు అదే మోడల్ ఇంకో కారుతో పోల్చి చూడండి. మూడు, కారు చరిత్ర రిపోర్టు తీసి, ఎయిర్ బ్యాగ్ విచ్చుకున్న ప్రమాదం ఉందేమో చూడండి. ఉంటే, మార్చిన బిల్లు అడగండి. నాలుగు, అనుమానం ఉంటే డబ్బు ఇవ్వకముందే మంచి మెకానిక్‌కు చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

స్టీరింగ్ మీద అలంకారాలు

చక్రం మార్చకపోయినా దాని మీద ఏదో ఒకటి అతికించే అలవాటు మనలో ఉంది. రాళ్ళు పొదిగిన లోహపు బిళ్ళలు చక్రం మధ్యలో అతికిస్తారు. ఒక ప్రమాదంలో అలాంటి బిళ్ళ ఎయిర్ బ్యాగ్ విసురుకు ఊడి తగిలి, డ్రైవరుకు ఒక కన్ను పోయిందని 2023లో ప్రభుత్వం హెచ్చరించింది.

కొత్త కారుకు పూజ చేయించి, కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మన ఆనవాయితీ. బొట్టుతో ఏ ఇబ్బందీ లేదు. కాని డాష్ బోర్డు మీద కుడివైపు, పాసింజరు ఎయిర్ బ్యాగ్ మూత ఉన్న చోట ఇత్తడి విగ్రహం అతికిస్తే, బ్యాగు విచ్చుకున్నప్పుడు అది ఎదురుగా ఉన్నవారి ముఖం మీదికే వస్తుంది. దేవుడి పటం చిన్నది, పల్చనిది, బ్యాగు మూతకు దూరంగా పెట్టుకోవడం మంచిది.

మరి అబ్బాయి ముచ్చట ఎలా తీరుతుంది?

దారులున్నాయి. ఉన్న చక్రానికే మంచి తోలు కుట్టించుకోవచ్చు, మధ్య భాగాన్ని ముట్టుకోకుండా అంచుకు మాత్రమే. లేదా అదే మోడల్, అదే సంవత్సరాల కారులో ఖరీదైన రకానికి కంపెనీ ఇచ్చిన చక్రం, దానికి సరిపడే ఎయిర్ బ్యాగుతో సహా, డీలరు దగ్గర వేయించుకోవచ్చు. భాగాల నంబర్లు సరిపోతాయో లేదో వాళ్ళు చూసి చెబుతారు. ఇంట్లో మాత్రం విప్పవద్దని చెప్పండి. బ్యాటరీ తీసేసినా ఎయిర్ బ్యాగ్ కంప్యూటరులో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని పనిచేస్తుండగా అది విచ్చుకుంటే చెయ్యో, ముఖమో పోతుంది.

ఇక శ్రోతల ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మా ఆవిడ పొట్టి. సీటు బాగా ముందుకు జరుపుకుని నడుపుతుంది. ఆ ఎయిర్ బ్యాగే ఆమెకు తగిలి ప్రమాదం అంటున్నారు. తీయించేయమంటారా?

జవాబు: తీయించవద్దండీ. రొమ్ము ఎముకకూ చక్రం మధ్య భాగానికీ కనీసం 10 అంగుళాల దూరం ఉండాలి. ముందు టేపు పెట్టి కొలవండి. సీటు వీపును కొంచెం వెనక్కి వాల్చండి, సీటు ఎత్తు పెంచండి, చక్రాన్ని కిందికి వంచి ముఖం వైపు కాక ఛాతీ వైపు ఉండేలా పెట్టండి. చాలామందికి దీంతో సరిపోతుంది. చేతులు గడియారంలో 9, 3 అంకెల దగ్గర ఉంచుకోమనండి. ఇంత చేసినా 10 అంగుళాలు రాకపోతే, ఎన్.హెచ్.టి.ఎస్.ఏ.కు దరఖాస్తు పెట్టి, అనుమతి ఉత్తరం తెచ్చుకుని, ఎయిర్ బ్యాగుకు స్విచ్చి పెట్టించుకునే పద్ధతి 1998 నుంచి ఉంది. అది చట్టబద్ధమైన దారి.

ప్రశ్న: టకాటా ఎయిర్ బ్యాగులు పేలి మనుషులు చనిపోయారు కదా. అలాంటప్పుడు బ్యాగు లేకపోవడమే నయం కాదా?

జవాబు: మంచి ప్రశ్న. వేడికి, తేమకు ఆ బ్యాగుల్లో మందు పాడై డబ్బాలు పగిలాయి. అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల బ్యాగులు వెనక్కి పిలిచారు. కాని దానికి మందు బ్యాగు తీసేయడం కాదు, మంచి బ్యాగు వేయించుకోవడం. రీకాల్ అయితే డీలరు ఉచితంగా మారుస్తారు. మీ కారు 17 అక్షరాల వి.ఐ.ఎన్. నంబరు ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. వెబ్ సైటులో కొడితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఈ రోజే చూడండి.

ప్రశ్న: మా అన్నయ్య కారుకు ఇండియాలో దొరకని ఎయిర్ బ్యాగ్ ఇక్కడ దొరికింది. సూట్ కేసులో పెట్టి పంపవచ్చా?

జవాబు: వద్దు. దానిలో ఉన్నది మండే మందు. విమానంలో చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ రెండింటిలోనూ నిషేధం. పైగా ఇక్కడి కారు బ్యాగు అక్కడి కారుకు సరిపోతుందన్న నమ్మకం లేదు. అక్కడి డీలరు ద్వారానే తెప్పించుకోమనండి.

ఫోను చేసిన ఆ తండ్రిగారికి మా మాట ఇది. అబ్బాయిని కూర్చోబెట్టి, బెల్టు ఎందుకు వదులుతుందో, ఆ వదిలిన తలను ఏది పట్టుకుంటుందో ఒకసారి బొమ్మ గీసి చెప్పండి. తెలివైన పిల్లవాడు, అర్థం చేసుకుంటాడు. తోలు కుట్టించే ఖర్చులో సగం మీరు పెట్టుకుంటానంటే ఇంకా త్వరగా అర్థం చేసుకుంటాడు.

వచ్చే శనివారం మళ్ళీ కలుద్దాం. అందరూ బెల్టు పెట్టుకుని, క్షేమంగా ఇల్లు చేరండి. సెలవు.